ఎడలో పెట్టిన చీర

పెద్దల అమావాస్య పొద్దున్నే కరెంటు పోయింది. వడలకు నానబెట్టిన అలసందలు మిక్సీలో సగం నలిగి ఆగిపోయాయి. ఉమాదేవి వాటిని రోట్లోకి వంచి రుబ్బుతూ, "ఈ కరెంటుకు కూడా ఈపొద్దే ఎడ పెట్టేస్తే సరిపోతాది. అది కూడా పోయినోళ్ల లెక్కే," అంది.

పూర్ణం ముద్దలు చేస్తున్న ఆడపడుచు ఈశ్వరి నవ్వింది. "దానికేమి ఇష్టమో వదినా? ఓళిగలా, పొట్టేలి కూరా?"

"బిల్లు. అదొక్కటే దానికిష్టం."

వసారాలో తమలపాకులు తుడుస్తున్న అత్త హనుమక్క నవ్వబోయి ఆగిపోయింది. ఈ మాట వింటే తన భర్త సుంకప్ప పడీపడీ నవ్వేవాడు. ఊరంతా తిరిగి పదిమందికి చెప్పి వచ్చేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి పెద్దల అమావాస్య ఇది.

బెళుగుప్ప దాటాక వచ్చే ఆ పల్లెలో ఈ పండుగకు ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్లు ఇష్టపడినవన్నీ పీట మీద పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపు మూసి అందరూ కాసేపు బయట కూర్చుంటారు. ఆ కాసేపట్లో పెద్దలు వచ్చి అన్నీ ముట్టుకుని పోతారని నమ్మకం. దాన్నే ఎడ పెట్టడం అంటారు. పాతవాళ్లందరికీ కలిపి ఒక పీట. ఆ ఏడాది పోయినవాళ్లకు మాత్రం వేరే పీట. మగవాళ్లకు పంచె, కండువా. ఆడవాళ్లకు చీర, రవిక.

సుంకప్పకు ఇష్టమైనవంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఆయన ఒక పనితో కుదురుగా ఉన్న మనిషి కాదు. శెనక్కాయ సేద్యం చేసేవాడు. ఊళ్లో ఎవరి రేడియో చెడిపోయినా మంచం మీద విప్పి పరిచి కూర్చునేవాడు. గట్టు మీది పిచ్చి రేగుచెట్లకు మంచి రేగు అంటు కట్టేవాడు. బళ్లారి బస్సుల బోర్డులు చూసి చూసి కన్నడం చదవడం నేర్చుకున్నాడు. ఎండాకాలం అరుగు బండ మీద పులిజూదం గీసి, గెలిచేదాకా ఎవరినీ లేవనిచ్చేవాడు కాదు. ఇన్ని చేసినా, పొద్దు వాలితే ఇంట్లో ఉండేవాడు. బడికి పోయేముందు ఈశ్వరికి రెండు జడలు వేసింది ఆయనే. అమ్మ వేస్తే వదులైపోతాయని ఆ పిల్ల ఏడ్చేది.

ఈశ్వరి పీట మీద పాత రేడియో పెట్టింది. ఉమాదేవి అంటు కత్తి, గుప్పెడు రేగుపళ్ల వడియాలు పెట్టింది. హనుమక్క లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె తెరిచి, చిలకపచ్చ పట్టుచీర ఒకటి తెచ్చింది. దాని ఎర్ర అంచు మడతల దగ్గర చీకిపోయింది. కొంగు చివర పౌడరు మరకలు ఇంకా పోలేదు. దాన్ని సుంకప్ప పీట మీద, కొత్త పంచె పక్కన పెట్టింది.

ఉమాదేవి చేయి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "అత్తా, ఇది మామ పీట కదా. అవ్వోళ్ల చీరలు ఆ పక్క పీట మీద ఉండాయి."

"ఇది మీ మామ చీరే."

ఉమాదేవికి తెలియని సంగతి కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఎవరో చెప్పగా వింది. మామ వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో రాణి వేషం కట్టేవాడని, టోపా జుట్టు ఇష్టం లేక నడుము దాకా సొంత జుట్టే పెంచాడని. కానీ ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే తన భర్త సురేంద్ర కంచం ముందు నుంచి లేచిపోతాడు.

"నా పెళ్లిచీర ఇది," అంది హనుమక్క. "నేను కట్టింది ఒక్కసారే. మిగతాదంతా ఆయనే కట్టినాడు. మీ ఆయన కంటే ముందు నాకొక బిడ్డ పుట్టి పోయినాడమ్మా. ఆ పొద్దు మీ మామ గుంత తవ్వొచ్చి, చేతులు కడుక్కొని, ఎద్దులకు నీళ్లు పెట్టినాడు. కంట్లో చుక్క లేదు. రాయి లాంటి మనిషి అనుకున్నా. తర్వాత నాటకమాడితే, అందులో రాణి బిడ్డను పోగొట్టుకుంటాది. గుడ్డమూటను ఒళ్లో పెట్టుకొని ఈ చీరలో కూర్చొని ఆయన ఏడ్చినాడు చూడు, అది వేషం కాదు. నేను కింద కూర్చొని ఏడిస్తే, ఆయన పైన కూర్చొని ఏడ్చినాడు. ఈ చీర లేకుండా ఆయన్ని పిలిస్తే సగం మనిషిని పిలిచినట్లే."

ఉమాదేవి పీట ముందు కూర్చుంది. చీర అంచు జారి నేలకు తగులుతుంటే సర్ది పైకి పెట్టింది.

అప్పుడే సురేంద్ర బండి వాకిట్లో ఆగింది. అతనికి కళ్యాణదుర్గంలో ట్రాక్టరు సామాన్ల కొట్టు ఉంది. తండ్రి పోయినప్పుడు అన్నీ దగ్గరుండి, ఎవరి చేతా మాట పడకుండా చేశాడు. వెనక సీటు మీద నుంచి కూతురు సుష్మిత ఒక పెద్ద పటం పట్టుకుని దిగింది.

"అవ్వా, తాత పటం చూడు," అని కాగితం విప్పింది. పటంలో సుంకప్ప నల్లకోటు, ఎర్ర టై వేసుకుని ఉన్నాడు.

ఈశ్వరి నోరు తెరిచింది. "అన్నా, నాయన ఏ పొద్దు కోటేసినాడు?"

"స్టూడియోవాళ్లు ఏసినారు. అందరూ ఏపిస్తాండారు ఇప్పుడు. గౌరవంగా ఉండాది కదా."

"తాత మెడకు ఏదో ఉరేసినట్లుంది," అంది సుష్మిత.

"గమ్మునుండు నువ్వు. అమ్మా, మధ్యాన్నానికి గుత్తి నుంచి నాగేశ్వరన్నోళ్లు వస్తాండారు. సుష్మిత సంబంధం దాదాపు కుదిరినట్లే. ఎడ పెట్టే దినం ఇంటికొచ్చి పెద్దలకు మొక్కుతామని వాళ్లే అన్నారు. అంత మర్యాదస్తులు. మనం కూడా..."

అతని మాట ఆగిపోయింది. తెరిచిన తలుపులోంచి పీట కనిపించింది.

"ఆ చీరెందుకు ఆడుండాది?"

హనుమక్క గడప దగ్గరికి జరిగింది.

"అమ్మా, నిన్నే. తీసి పెట్టెలో పెట్టు."

"ఆయనది ఆయనకు పెడతాండా."

"కొత్తగా వచ్చేటోళ్లు చూసి ఎవరిదని అడుగుతారు. నేనేం చెప్పల్ల? మా నాయన చీర కట్టేటోడని చెప్పల్లా?"

"కట్టేటోడు కదప్పా. చెప్తే ఏమి?"

"ఏమా? వాళ్లు ఊరంతా చెప్పుకొని నగుతారు. బిడ్డ పెండ్లి దాకా వచ్చి ఆగిపోతాది." అతను చెప్పులు విప్పి లోపలికి రాబోయాడు. హనుమక్క గడపలో కూర్చుంది. తల్లిని దాటి పోవడానికి అతనికి కాళ్లు రాలేదు. పళ్లు బిగించి వాకిట్లోకి తిరిగాడు.

సరిగ్గా అప్పుడే తిప్పయ్య వచ్చాడు. ఆ నాటకాల్లో ఆయనది రాజు వేషం. ఇప్పుడు వంగిపోయి, కర్ర పట్టుకుని, బయట నుంచే కేక వేశాడు.

"ఏం సవతీ, మనోడికి ఏమేమి చేసినావు?"

హనుమక్క ముఖం ఆ పొద్దుకి మొదటిసారి విప్పారింది. రంగం మీద రాణికి మొగుడు తిప్పయ్య, ఇంట్లో సుంకప్పకు పెళ్లాం హనుమక్క. ఒకే మనిషిని ఇద్దరం కట్టుకున్నామని తిప్పయ్య ఆమెను సవతి అనే పిలిచేవాడు. ఇన్నేళ్లలో ఆ పిలుపు మారలేదు.

"అన్నీ చేసినా. నీకు పండ్లు లేవని వడలు మెత్తగా చేయమన్నా. రా, కూర్చో."

"మామా," అన్నాడు సురేంద్ర అడ్డంగా వచ్చి. "ఈపొద్దు ఆ మాటలు వద్దు. సంబంధమోళ్లు వస్తాండారు. నువ్వు సాయంత్రం రా. అప్పుడు తిందువు."

తిప్పయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టి, కాసేపు అతన్నే చూశాడు.

"సరేలే నాయనా. రాజును పంపించల్లంటే మా కాలంలో యుద్ధాలు చేసేవాళ్లు. నువ్వు నోటిమాటతో పంపిస్తివి," అని నవ్వి, వెనక్కి తిరిగాడు. నవ్వు పెదవుల దగ్గరే ఉండిపోయింది. పోతూపోతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

హనుమక్క లేచి నిలబడింది. "ఏం మనిషివిరా నువ్వు? మీ నాయన పాడె పట్టిన మనిషిని వాకిట్లో నుంచి తరుముతావా?"

"తరిమినా! తరుముతా!" సురేంద్ర అరిచాడు. ఇన్నేళ్లుగా అణిచి పెట్టుకున్నది ఒక్కసారిగా బయటపడింది. "నీకేం తెలుసు నా బాధ? బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు. సుంకమ్మ కొడుకా, మీ అమ్మ రాజుతో పాయెనంట కదా అనేవాళ్లు. నా పక్కన కూర్చునేటోడు లేడు. ఆయనకు రేడియో కావల్ల, రేగుచెట్టు కావల్ల, వేషం కావల్ల. కొడుకు ముఖం ఎట్లుండాదో చూసేదానికి మాత్రం పొద్దు లేదు. ఎన్నిసార్లు అడగాలనుకున్నా, నాయనా వద్దు అని. అడగలేకపోయినా. కడాకు ఎప్పుడు వదిలినాడు? కసాపురం మొక్కుండాదని జుట్టు తీపిచ్చుకొని వదిలినాడు. దేవుని కోసం వదిలినాడమ్మా. నా కోసం వదల్లేదు."

ఉమాదేవి అతన్ని అట్లా ఎన్నడూ చూడలేదు. దగ్గరికి వెళ్లబోయింది. హనుమక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ మొక్కు?" అంది మెల్లగా.

"కసాపురం ఆంజనేయస్వామి మొక్కు. ఊరందరికీ తెలుసు."

"మీ నాయన ఆ ఏడు కసాపురం పోయిందే లేదు."

సురేంద్ర తల ఎత్తాడు.

"నువ్వు చొక్కా చించుకొని, పెదవి పగిలి ఇంటికొస్తివి గుర్తుందా? చింతచెట్టు మీంచి పడినా అంటివి. నేను నమ్మినా. మీ నాయన నమ్మలే. ఎందుకంటే ఆ పొద్దు బడిలో రేడియో చెడిపోతే బాగుచేసేదానికి పోయి, పెద్ద అయ్యవారి రూములో కూర్చోనుండాడు. కిటికీలో నుంచి అంతా చూసినాడు. వాళ్లు ఏమేమన్నారో విన్నాడు. నువ్వు ఒక్కనివే అంతమంది మీద పడింది చూసినాడు. బయటికొస్తే నువ్వు ఇంకా సిగ్గుపడతావని రాలేదు. ఇంటికొచ్చి పెరట్లో కూర్చొని, కత్తెర తే అన్నాడు. నాకు తెలీక ఎందుకన్నా. 'పిల్లోడు నా కోసం తన్నులు తింటాండాడు. వాడు తన్నులు తినేంత గొప్ప వేషం కాదులే నాది' అన్నాడు. నేనే కత్తిరించినా ఆ జుట్టు. ఈ చేతుల్తోనే."

ఈశ్వరి గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకూ ఇది తెలియదు.

"మరి... మొక్కని ఎందుకు చెప్పినాడు?"

"ఉరవకొండ జాతరలో నాటకానికి ఒప్పుకొనుండారు. రాణి లేకపోతే ఆట లేదు. పిల్లోని కోసం మానేసినాడని తెలిస్తే ఊరంతా నిన్ను అంటాది. నీ వల్ల ఆట ఆగిపాయెనని తరతరాలు అంటాది. దేవుని పేరు చెప్తే ఎవురూ నోరెత్తరు. అందుకని గుండు చేపిచ్చుకొని, గుత్తిలో చెల్లెలింట్లో కొన్ని దినాలుండి, కసాపురం పోయొచ్చినా అని చెప్పినాడు. నాతో ఒట్టేపిచ్చుకున్నాడు నీకు చెప్పొద్దని. ఇంకొక్కనికే తెలుసు ఈ సంగతి. ఆట ఆగిపోతే వచ్చి కాళ్ల మీద పడిన తిప్పయ్యకు. మీ నాయన ఆయనకు నిజం చెప్పినాడు. ఆ తర్వాత తిప్పయ్య కూడా మళ్లీ ముఖానికి రంగు పూయలేదు. వేరే రాణి పక్కన నిలబడనన్నాడు. ఇన్నేళ్లూ నిన్ను చూసి ఒక్కమాట అన్నాడా ఆయన? నువ్వేమో సాయంత్రం రా అంటివి."

సురేంద్ర మెట్టు మీద కూలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. నాగేశ్వర. బెళుగుప్ప దాటామని, ఇంకాసేపట్లో వస్తామని చెప్పడానికి అయ్యుంటుంది. అతను ఫోను ఎత్తలేదు. లేచి, బండి స్టార్ట్ చేసి, వాకిలి దాటి పోయాడు.

తిప్పయ్య రోడ్డు మీద బస్సు షెల్టరులో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వాన లేక ముడుచుకుపోయిన శెనక్కాయ చేలు. సురేంద్ర బండి ఆపి ఆయన ముందు నిలబడ్డాడు.

"పెట్రోలు అయిపాయెనా?" అన్నాడు తిప్పయ్య.

"మామా... అమ్మ చెప్పింది."

"ఏమి చెప్పింది?"

"జుట్టు సంగతి."

తిప్పయ్య చేల వైపు తిరిగాడు. "చెప్పకుండా ఉండల్ల. మీ నాయన వింటే కొట్లాడతాడు."

"నాకు ముందే చెప్పింటే..."

"చెప్పింటే నువ్వేం చేస్తావు? పన్నెండేళ్ల పిల్లోనివి. ఆ బరువు నీకెందుకని ఆయనే మోసినాడు. నేను కొంచెం ఒక కొన పట్టుకున్నా. అంతే."

"ఇంటికి రా మామా."

"సాయంత్రం కదా రమ్మంటివి?"

సురేంద్ర వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. తిప్పయ్య కర్రతో అతని చేతి మీద ఒకటి వేశాడు. "నడిరోడ్డు మీద నాటకాలొద్దు. అవి మేం ఆడేసినాం. పట్టుకో, బండెక్కల్ల. మెల్లగా తోలు, ఎముకలు పాతవి."

వాళ్లు వచ్చేసరికి వాకిట్లో తెల్లకారు ఉంది. పెళ్లికొడుకు తండ్రి నాగేశ్వర, ఆయన భార్య మంచం మీద కూర్చుని ఉన్నారు. ఉమాదేవి వాళ్లకు మజ్జిగ ఇచ్చి, కళ్లతోనే భర్తను అడిగింది. ఎడ పెట్టే వేళయింది, చీర ఉంచాలా, తీయాలా?

సురేంద్ర కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు. హనుమక్క పీట పక్కన నిలబడి ఉంది. కొడుకు ఏం చేస్తాడోనని ఆమె చెయ్యి చీర మీదకు పోయింది. అతను గోడకు ఆనించిన కోటు పటాన్ని తీసి పక్కగదిలో తిప్పి పెట్టాడు. చీరను రెండు చేతులతో ఎత్తాడు. ముడత పడిన కొంగును అరచేత్తో సాపు చేసి, పంచె మీద, అందరికీ కనిపించేట్టు పెట్టాడు.

"సాంబ్రాణి తేమ్మా," అన్నాడు.

ఓళిగలు, వడలు, పొట్టేలి కూర, సంగటి విస్తర్లో పెట్టారు. పొగ నిండగానే తలుపు మూసి అందరూ బయటకు వచ్చారు. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. నాగేశ్వర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సురేంద్ర తలుపునే చూస్తూ ఉన్నాడు.

తలుపు తెరిచాక నాగేశ్వర దంపతులు లోపలికి వెళ్లి మొక్కారు. లేస్తూ ఆయన పీట వైపు చూశాడు.

"తమ్ముడూ, పెద్దాయన పీట మీద చీరుండాదే. ఎవురిది?"

సుష్మిత తండ్రి ముఖం చూసింది.

"మా నాయనదే అన్నా," అన్నాడు సురేంద్ర. "రాణి వేషం కట్టేటోడు. నేను చిన్నప్పుడు సిగ్గుపడినా. నా కోసమే మానేసినాడని నాకు ఈపొద్దే తెలిసింది. ఇందులో మీకు నామోషీ ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. దాచిపెట్టి బిడ్డనియ్యలేను."

నాగేశ్వర మళ్లీ చీర వైపు చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంటికి పోయి, పెద్దోళ్లతో మాట్లాడి కబురు చేస్తాం," అన్నాడు చివరికి. ఆ మాటకు అర్థం ఏదైనా కావచ్చు. ఆయన భార్య మాత్రం చీర వైపు వంగి, "ఎంత చక్కని అంచు," అంది మెల్లగా.

సురేంద్ర వాళ్ల ముఖాలు చదివే ప్రయత్నం చేయలేదు. బయట మొదటి విస్తరి ముందు తిప్పయ్యను కూర్చోబెట్టి, తన చేత్తో ఓళిగ వేసి నెయ్యి పోశాడు.

"మామా, నాయన పాడే పద్యం ఒకటి పాడు. నాటకం జరిగే పొద్దు నేను చెవులు మూసుకొని పడుకునేటోన్ని. ఒక్కటి కూడా సరిగ్గా వినలేదు."

తిప్పయ్య తల ఊపాడు. "నాకొచ్చేది రాజు పద్యాలప్పా. రాణివి నాకు రావు. అవి ఆయనతోనే పోయినాయి."

"పోలేదు," అంది హనుమక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఎన్నడూ పదిమందిలో గొంతెత్తిన మనిషి కాదు. పొయ్యి దగ్గర సుంకప్ప సాధన చేస్తుంటే, సంగటి కెలుకుతూ ఏళ్లకేళ్లు విన్నది. గడపలో కూర్చుని, చెంగు భుజం మీదుగా లాక్కుని, కళ్లు మూసుకుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న రాణి పద్యం ఎత్తుకుంది. గొంతు వణికింది, మొదటి పాదంలోనే శ్రుతి తప్పింది. కానీ పాదం చివర రాగం తీసేచోట, గొంతును కొంచెం పైకి తీసి, అక్కడే కాసేపు నిలిపి వదిలింది.

తిప్పయ్య చేతిలోని ముద్ద విస్తరిలో పడిపోయింది. "అదే," అన్నాడు. "వాడు అట్లే వదిలేవాడు."

సురేంద్ర నెయ్యిగిన్నె కింద పెట్టాడు. తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఈసారి చెవులు మూసుకోలేదు. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. పద్యం అయిపోయే వరకు అట్లాగే విన్నాడు.